మన్రో - ఊరి కావలి

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండు దేశంలోని గ్లాస్గో నగరంలో జన్మించాడు. తండ్రి పొగాకు వర్తకుడు. వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోగా, మన్రో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసుకు వచ్చాడు. హైదరాలీతో జరిగిన యుద్ధంలో పాల్గొన్నాడు. తరువాత బారామహలులోను, కెనరాలోను శిస్తు వ్యవహారాలు నేర్చుకొన్నాడు.

1800లో నిజాం నవాబు బళ్లారి, కడప సీమలను కంపెనీకి ఇచ్చివేశాడు. వీటికే దత్తమండలాలని పేరు వచ్చింది. మన్రో వీటికి ప్రధాన కలెక్టరుగా నియమితుడయ్యాడు. అప్పటికి ఇక్కడ సుమారు 80 మంది పాళెగాండ్రు, వారి కింద 30 వేల మంది సాయుధులైన బంట్లు ఉండేవారు. పాళెగాండ్రను కేవలం దోపిడీదారులనుకోవడం పొరపాటు. ఊళ్ల కావలి కూడా చాలాచోట్ల వారిదే. అందుకు రుసుము తీసుకొనేవారు. సొత్తు పోతే తిరిగి ఇప్పించే పూచీ వారిపై ఉండేది. కాని రుసుము ముట్టని ఊరికి వారి బంట్లతోనే భయం. జనరల్ క్యాంబెల్ సేనల సాయంతో మన్రో వారిని అణచివేశాడు. ఆయన అనుసరించిన పద్ధతులను లండనులోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు.

పాళెగాండ్రు పోయారు. మరి ఊరికి కావలి ఎవరు? న్యాయాధికారుల కింద జీతంపై దరోగాలను నియమించడం 1802 నాటి కంపెనీ విధానం. ఊరూరా గుడారాలు వేసుకొని తిరిగిన మన్రోకు ఇది నచ్చలేదు. పరాయి చోటినుండి వచ్చిన దరోగాకు ఊరిలో ఎవరు ఎటువంటివారో తెలియదు. తలారికి తెలుసు. కన్నడంలో తళవారుడన్నా ఇతడే. తలారి పదవి వంశపారంపర్యం. కొద్దిపాటి మాన్యం, కళ్లంలో రైతులు కొలిచే గింజలు అతని జీవనాధారం. రాత్రి గస్తీ తిరగడం, కొత్త మనిషి వస్తే ఆరా తీయడం, దొంగ అడుగుజాడలను పొలిమేర దాకా పట్టి పొరుగూరి తలారికి అప్పగించడం అతని పనులు.

1807లో స్వదేశానికి వెళ్లిన మన్రో, 1814లో న్యాయ, పోలీసు పద్ధతులను సంస్కరించే సంఘానికి అధ్యక్షుడై తిరిగి వచ్చాడు. 1816లో వెలువడిన 11వ రెగ్యులేషన్ దరోగాలను తొలగించింది. గ్రామపెద్ద, తలారి, వారిపై తహశీలుదారు, అందరిపై కలెక్టరు పోలీసు అధికారులయ్యారు. అయితే ఊరి కట్టుబాట్లతోపాటు ఊరి అన్యాయం కూడా చట్టానికెక్కింది. చిన్న తప్పు చేసినవాడు తక్కువ కులంవాడని తలిస్తే, గ్రామపెద్ద అతనిని ఆరు గంటలదాకా బొండకొయ్యలో బిగించవచ్చు. ఇతరులకు ఆ అవమానం లేదు.

మన్రో 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. పదవి విడిచేముందు దత్తమండలాలను మరొకసారి చూడాలని బయలుదేరి, 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. గుత్తిలో ఆయనను సమాధి చేశారు. తరువాత అస్థికలను మద్రాసుకు తరలించారు.

ఆయన ఏర్పాటులో మరొక లోపం ఉంది. శిస్తు వసూలు చేసేవారే నేరస్థులనూ పట్టేవారు. శిస్తు కోసం రైతులను హింసించడం సాగుతున్నదని 1855లో ఒక విచారణ సంఘం తేల్చింది. 1859లో జీతాల పోలీసు దళం వేరుగా ఏర్పడింది. ఊరికి తలారి మాత్రం మిగిలాడు. హత్య జరిగితే ఠాణాకు కబురు మోసుకుపోయేది అతడే.