ప్రార్థనలో అధికారము: బ్లూమ్‌హార్ట్ గారి జీవితము

విశ్వాసికి ప్రార్థనలో అధికారము కలదని మనము తరచుగా వినుచున్నాము. ఆ అధికారము ఎవరిది? దానిని ఎట్లు వాడవలెను? ఈ ప్రశ్నలకు పాండిత్యముతో గాక తన జీవితముతోనే జవాబిచ్చిన సంఘకాపరి జర్మనీ దేశస్థుడైన యోహాన్ క్రిస్టోఫ్ బ్లూమ్‌హార్ట్ గారు.

ఆయన 1805 జూలై 16న స్టుట్‌గార్ట్ పట్టణములో జన్మించిరి. ట్యూబింగెన్‌లో దైవశాస్త్రము అభ్యసించి, 1830 నుండి కొన్ని సంవత్సరములు స్విట్జర్లాండులోని బాసెల్ మిషను పాఠశాలలో ఉపాధ్యాయులుగా నుండిరి. 1834లో మంగళూరు చేరిన ఆ మిషను మొదటి మిషనరీలు ముగ్గురు, ఆయన అక్కడ బోధించుచున్న కాలములోనే ఇండియాకు బయలుదేరిరి. 1838లో ఆయన డోరిస్ కోల్నర్ గారిని వివాహమాడి, బ్లాక్ ఫారెస్టు అడవుల దాపున నున్న మొట్లింగెన్ అను చిన్న గ్రామమునకు కాపరిగా వచ్చిరి. అచ్చటి సంఘస్థులు వాక్యము విని విని మొద్దుబారియుండిరి. గుడిలో నిద్రపోవువారును కొదువలేదు.

ఆ గ్రామములో గొట్లీబిన్ దిట్టుస్ అను బీద యువతి తన తోబుట్టువులతో నివసించుచుండెను. ఆమె ఇంట వింత శబ్దములు వినబడెననియు, ఆమె స్పృహ తప్పి పరస్వరముతో మాటలాడెననియు ఊరంతయు గుప్పుమనెను. బ్లూమ్‌హార్ట్ గారు తొందరపడి ముందుకు దూకలేదు. సాక్షులుగా గ్రామ పెద్దను, నమ్మకమైన మరికొందరిని వెంటబెట్టుకొని వెళ్లిరి. వైద్యుని సాయమును త్రోసివేయలేదు. 1842లో ఒకనాడు ఆమె బాధను చూచి సహింపలేక, ఆమె చేతులు జోడింపజేసి, తనకు సహాయము చేయుమని యేసును వేడుకొనుమని చెప్పిరి. నాటి నుండి ఒక సంవత్సరమునకు పైగా ఆ పోరాటము సాగెను.

ఆయన మంత్రతంత్రముల జోలికి పోలేదు. ప్రార్థన, ఉపవాసము, దేవుని వాక్యము, ఇవియే ఆయన ఆయుధములు. 1843 డిసెంబరు చివర, యేసే జయశాలి అని ప్రకటించు కేకతో ఆ పోరాటము ముగిసి, గొట్లీబిన్ స్వస్థురాలాయెను. ఆమె వ్యాధి మానసికమైనదని తలంచువారు నాడును నేడును కలరు. పేరు ఏదైనను, ఆమె తరువాత కాపరి కుటుంబములో ఒకతెయై, చిన్న పిల్లలకు బోధించి, వివాహమాడి, 1872లో మరణించువరకు సేవ చేసెననుట నిజము.

1844 ఆరంభములో గ్రామస్థులు ఒకరి వెంట ఒకరు కాపరి ఇంటికి వచ్చి తమ పాపములను ఒప్పుకొనిరి. విరోధులు సమాధానపడిరి. రోగులు కొందరు బాగుపడిరి. పొరుగూళ్లనుండియు జనులు తరలివచ్చిరి. బ్లూమ్‌హార్ట్ గారికి దయ్యమును వెళ్లగొట్టిన దానికంటె ఈ పశ్చాత్తాపమే గొప్ప సూచన.

ఇంతలో పరీక్ష వచ్చెను. సంఘాధికారులు జరిగినదానికి నివేదిక కోరగా ఆయన 1844లో దాచక వ్రాసి ఇచ్చిరి. రోగులను స్వస్థపరచుట కాపరి పనిలో కలుపరాదని వారు 1846లో ఆజ్ఞాపించిరి. తన వెనుక నడచు జనమును చూచుకొని ఎదురు తిరుగుట ఆయనకు కష్టము కాదు. అయినను ఆయన లోబడిరి. పైయూరి రోగులను తన ఇంట చేర్చుకొనక, గుడిలో కూర్చుండి వాక్యము విని, తమ బాధను తామే ప్రభువునకు తెలుపుకొనుడని చెప్పిరి. వారిలో అనేకులు నెమ్మది పొంది తిరిగి వెళ్లిరి.

1852లో ఆయన బాడ్ బోల్ అను చోట గంధకపు నీటి ఊటల నొద్దనున్న పెద్ద భవనములను కొని, రోగులకును మనోవ్యధ గలవారికిని విశ్రాంతి గృహముగా చేసిరి. 1880 ఫిబ్రవరి 25న అక్కడనే ప్రభువునందు నిద్రించిరి. ఆయన కుమారుడు క్రిస్టోఫ్ ఆ పనిని కొనసాగించిరి.

ప్రియ చదువరులారా, తాను అధికారమునకు లోబడినవాడనని ఎరిగిన శతాధిపతియే ప్రభువు మాటలోని అధికారమును గ్రహించెను. బ్లూమ్‌హార్ట్ గారి మర్మమును అదియే. కేకలు వేయుటలోగాని, పేరు సంపాదించుటలోగాని ప్రార్థనాధికారము లేదు. జయము యేసుదని నమ్మి, బాధపడువారి ప్రక్కను ఓపికతో నిలిచి, ఆయనకు లోబడువానికే అది అప్పగింపబడును. మన ప్రతి సంఘములోను అట్టి ప్రార్థనాపరులను ప్రభువు లేపును గాక!