ఆచార్య సత్యేంద్రనాథ్ బోస్

విశ్వవిద్యాలయంలో ఆచార్యునికి రెండు బాధ్యతలుంటాయి. లోకానికి తెలిసిన విజ్ఞానాన్ని విద్యార్థులకు బోధించడం మొదటిది. ఇంకా తెలియని విషయాలను పరిశోధించి వెలికితీయడం రెండవది. ఈ రెండూ వేర్వేరు మార్గాలని చాలామంది తలుస్తారు. కాని పాఠం చెప్పే వేళ తనకు కలిగిన సందేహాన్నే పరిశోధనకు బీజంగా మలచుకొని, భౌతికశాస్త్ర చరిత్రను మలుపు తిప్పిన ఆచార్యుడు సత్యేంద్రనాథ్ బోస్.

ఆయన 1894 జనవరి 1వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి సురేంద్రనాథ్ బోస్ రైల్వేలో ఉద్యోగి. తల్లి ఆమోదినీదేవి. ఏడుగురు సంతానంలో సత్యేంద్రనాథ్ పెద్దవాడు, ఏకైక పుత్రుడు. హిందూ స్కూలులో చదువు ముగించి ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. జగదీశ్ చంద్రబోస్, ప్రఫుల్లచంద్ర రాయ్ వంటి మహనీయులు అక్కడ ఆయనకు గురువులు. మేఘనాథ్ సాహా సహాధ్యాయి. 1915లో ఎం.ఎస్‌సి. పరీక్షలో బోస్ ప్రథమ స్థానాన్ని, సాహా ద్వితీయ స్థానాన్ని పొందారు.

ఈ మిత్రులిద్దరికీ కలకత్తా విశ్వవిద్యాలయ విజ్ఞాన కళాశాలలో బోధించే అవకాశం కల్పించినవారు సర్ ఆశుతోష్ ముఖర్జీ. అవి మొదటి ప్రపంచయుద్ధం నాటి రోజులు. యూరప్ నుంచి గ్రంథాలు, పత్రికలు రావడమే గగనమైంది. కొత్త భౌతికశాస్త్రమంతా జర్మన్ భాషలో వెలువడుతోంది. బోధించవలసిన విషయాన్ని ముందు తాము నేర్చుకోవాలన్న పట్టుదలతో వారిద్దరూ ఆ భాషను అభ్యసించారు. సాపేక్షతా సిద్ధాంతంపై ఐన్‌స్టీన్, మిన్‌కోవ్‌స్కీ రచించిన పత్రాలను ఆంగ్లంలోకి అనువదించారు. ఆ అనువాదాన్ని 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించింది.

1921లో ఢాకా విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. బోస్ అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో రీడరుగా చేరారు. కర్జన్ హాలులోని ఆ విభాగం అప్పుడే రూపుదిద్దుకొంటోంది. విజ్ఞాన ప్రపంచపు ప్రధాన కేంద్రాలకు అది ఎంతో దూరం. అయినా బోస్ పై తరగతుల విద్యార్థులకు సరికొత్త సిద్ధాంతాలనే బోధించేవారు.

ఆ పాఠాలలో ప్లాంక్ సూత్రం ఒకటి. వేడెక్కిన వస్తువు వెలువరించే వికిరణంలో ఏ రంగు కాంతికి ఎంత శక్తి ఉంటుందో తెలిపే ఈ సూత్రాన్ని మాక్స్ ప్లాంక్ 1900లో ప్రతిపాదించాడు. ప్రయోగ ఫలితాలతో అది చక్కగా సరిపోయింది. అయితే దానిని రాబట్టే పద్ధతిలో ఒక వైరుధ్యం ఉంది. అందులో సగం భాగం కాంతిని తరంగంగా భావించే పాత సిద్ధాంతంపైన, మిగిలిన సగం శక్తిని విడివిడి మోతాదులుగా భావించే కొత్త సిద్ధాంతంపైన ఆధారపడింది. ఫలితం సరైనదే కదా అని సరిపెట్టుకోవడానికి బోస్ మనసు అంగీకరించలేదు. తనకు తృప్తి కలిగించని వివరణను విద్యార్థులకు అప్పగించడం ఆయనకు ఇష్టం లేదు. సాహా ఢాకా వచ్చినప్పుడు జరిగిన చర్చలు కూడా ఆయన ఆలోచనకు పదును పెట్టాయి.

చివరకు బోస్ తరంగాల ప్రసక్తి లేకుండా, కాంతిని కేవలం కణాల సముదాయంగా భావించి అదే సూత్రాన్ని సాధించారు. ఇందులోని కీలకం ఆయన అనుసరించిన లెక్కింపు పద్ధతి. రెండు నాణేలను ఎగురవేశామనుకొందాం. వాటిని వేర్వేరుగా గుర్తించగలిగితే నాలుగు ఫలితాలుంటాయి: రెండూ బొమ్మలు, రెండూ బొరుసులు, మొదటిది బొమ్మ రెండవది బొరుసు, మొదటిది బొరుసు రెండవది బొమ్మ. ఏది ఏ నాణెమో ఎన్నటికీ గుర్తించలేకపోతే చివరి రెండూ ఒకటే అవుతాయి. అప్పుడు మిగిలేవి మూడే. నిజమైన నాణేలకు ఈ రెండవ లెక్క చెల్లదు గాని, కాంతికణాలకు అదే చెల్లుతుంది. బోస్ లెక్కింపులోని అంతరార్థం ఇదే.

ఈ విషయంపై రాసిన పత్రాన్ని ఆయన మొదట ఇంగ్లండులోని ఒక పత్రికకు పంపారు. అక్కడ అది అచ్చుకు నోచుకోలేదు. బోస్ నిరాశ చెందలేదు. 1924 జూన్ 4వ తేదీన ఆ పత్రాన్ని నేరుగా ఐన్‌స్టీన్‌కు పంపారు. అప్పటికి బోస్‌కు ముప్పై ఏళ్ళు. డాక్టరేట్ పట్టమైనా లేదు. ఐన్‌స్టీన్ పత్రాన్ని చదివి, దాని విలువను గుర్తించి, తానే జర్మన్ భాషలోకి అనువదించి అదే సంవత్సరం ప్రచురింపజేశాడు. బోస్ పద్ధతిని పరమాణువులకు కూడా విస్తరింపజేశాడు. బోస్-ఐన్‌స్టీన్ సాంఖ్యకశాస్త్రం ఆ విధంగా అవతరించింది.

ఐన్‌స్టీన్ పంపిన ఒక చిన్న కార్డు బోస్‌కు రెండేళ్ళ విదేశీ అధ్యయన సెలవు లభించడానికి తోడ్పడింది. పారిస్‌లో మేరీ క్యూరీ ప్రయోగశాలను ఆయన దర్శించారు. ముందుగా ఫ్రెంచి నేర్చుకొమ్మని ఆమె హితవు చెప్పింది. తనకు ఆ భాష వచ్చునని చెప్పడానికి బోస్‌కు మొహమాటం అడ్డువచ్చింది. మారిస్ డీ బ్రోలీ ప్రయోగశాలలో ఎక్స్-కిరణాల పద్ధతులను అభ్యసించి, 1925లో బెర్లిన్ చేరి ఐన్‌స్టీన్‌ను కలుసుకొన్నారు. 1926లో స్వదేశానికి తిరిగివచ్చారు. డాక్టరేట్ లేకపోయినా, ఐన్‌స్టీన్ సిఫారసు తోడు కాగా 1927లో ఢాకాలో ఆచార్య పదవిని పొందారు. అక్కడ ఎక్స్-కిరణాల పరిశోధనకు ప్రయోగశాలను తీర్చిదిద్దారు. 1945లో కలకత్తా విశ్వవిద్యాలయానికి తిరిగివచ్చి 1956 వరకు ఆచార్యునిగా పనిచేశారు. ఆ తరువాత విశ్వభారతికి ఉపాధ్యక్షులయ్యారు. 1954లో పద్మవిభూషణ్ పురస్కారం, 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఆయనను వరించాయి.

విజ్ఞానశాస్త్రాన్ని మాతృభాషలో బోధించలేమనే వాదాన్ని బోస్ అంగీకరించలేదు. 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తును స్థాపించి, బెంగాలీలో ఒక విజ్ఞాన మాసపత్రికను నడిపించారు. కేవలం పరిశోధన పత్రాలతోనే 1963లో ఒక సంచికను వెలువరించి, ఉన్నత విజ్ఞానాన్ని సైతం మాతృభాష మోయగలదని ఆచరణలో నిరూపించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ తన విజ్ఞానగ్రంథం విశ్వపరిచయ్‌ను 1937లో ఆయనకే అంకితమిచ్చాడు. ఎస్రాజ్ వాద్యంపైన కూడా బోస్‌కు మంచి ప్రవేశముండేది.

1974 ఫిబ్రవరి 4వ తేదీన ఆయన కన్నుమూశారు. నోబెల్ బహుమతి ఆయనకు దక్కలేదు. అయితే ఆయన లెక్కింపును అనుసరించే కణాలన్నింటికీ పాల్ డిరాక్ బోసాన్లని పేరు పెట్టాడు. బోస్ పద్ధతి ఆధారంగా ఐన్‌స్టీన్ ఊహించిన ద్రవ్యస్థితిని 1995లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో సాధించారు. ఆ కృషికి 2001లో నోబెల్ బహుమతి లభించింది. ఒక ఉపాధ్యాయుడు తన సందేహాన్ని దాచుకోక, దాని అంతు చూడాలని సంకల్పించిన ఫలితమిది. పాఠం వినే విద్యార్థికైనా, చెప్పే గురువుకైనా సందేహమే విజ్ఞానానికి తొలిమెట్టని ఆచార్య బోస్ జీవితం చాటిచెబుతోంది.