అశోకపుష్పమునకు పేరిడిన వైద్యుడు

అశోకమును వర్ణింపని సంస్కృత కవి అరుదు. రావణుడు సీతాదేవిని ఉంచినది అశోకవనమునందే. అయినను అశోకవృక్ష మేదియని అడిగినచో నేడును అనేకులు నిటారుగా పెరుగు నరమామిడిని చూపుదురు. నిజమైన అశోకమును పరీక్షించి దానికి శాస్త్రనామ మొసగినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఆయన వృక్షశాస్త్రమున చేయి తిరిగినది మన సామర్లకోటలో.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, దానితోపాటు వృక్షశాస్త్రమును అభ్యసించెను. ఆ కాలపు మందులలో అనేకము మొక్కలనుండి తీయబడునవే గనుక వైద్యునకు మొక్కల జ్ఞానము తప్పనిసరి. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున మద్రాసు చేరి, 1781లో సామర్లకోటలోని సైనికులకు వైద్యుడుగా వచ్చెను. అచ్చట ఒక తోట వేసి మిరియము, కాఫీ మున్నగువానిని పెంచెను.

తెలియని మొక్క కనబడినప్పుడు ఆయన తాజా పూవును కోసి, విప్పి, కేసరముల నెన్నును. దేశీయ చిత్రకారునిచే దాని రూపమును వ్రాయించును. ఆ మొక్కను ఊరివారు ఏమని పిలుతురో అడిగి, ఆ తెలుగు పేరునుగూడ వివరములతో చేర్చును. జ్వరములకు సోమిద చెట్టు బెరడును వాడుదురని విని, దానిని స్వయముగా పరీక్షించెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టునకు సొయ్మిడా అని పేరు పెట్టిరి. అది మన సోమిదయే.

1787లో కోరంగి, ఇంజరము ప్రాంతములను గొప్ప ఉప్పెన ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. ఏండ్ల తరబడి రాక్స్‌బర్గ్ కూర్చిన మొక్కల సేకరణయు నీటిపాలయ్యెను. ఆయన మరల మొదటినుండి ఆరంభించెను. ఆ రెండవ ప్రయత్న ఫలముగా కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన గ్రంథము 1795 మొదలు లండనులో వెలువడెను. అందు 300 చిత్రము లున్నవి. వానిని చిత్రించినవారి పేర్లు మాత్రము ఆ పుటలలో లేవు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపమున శిబపురములోని కంపెనీ తోటకు అధికారి యయ్యెను. న్యాయమూర్తియు సంస్కృత పండితుడును అగు సర్ విలియం జోన్స్ అప్పటికి కలకత్తాలోనే ఉండెను. కావ్యములలోని చెట్లు ఏవేవో గుర్తింపవలెనని జోన్స్‌కు తపన. భారతదేశపు మొక్కలకు ఈ దేశపు పేర్లే ఉండవలెననియు, మనుష్యుల పేర్లు పెట్టుట తగదనియు ఆయన అభిప్రాయము. 1794లో జోన్స్ మరణించెను.

కలకత్తా చుట్టుపట్ల ఇండ్ల తోటలలో అశోకము విరివిగా ఉండెడిది. వేసవి ఆరంభమున నారింజ, ఎరుపు రంగుల గుత్తులతో పూచెడిది. రాక్స్‌బర్గ్ ఆ పూవును పరిశీలించెను. సన్నని గొట్టము, దాని కొనయందు నాలుగు రేకులు, వెలుపలికి పొడుగుగా చొచ్చుకొనివచ్చిన కేసరములు. అవి సాధారణముగా ఏడు. క్రింద రంగు గల రెండు చిన్న ఆకులు. ఆ రెండింటిని రక్షకపత్రములనియు, నాలుగు రేకులను ఆకర్షణపత్రములనియు ఆయన వర్ణించెను. ఇది పొరపాటు. అశోకమునకు ఆకర్షణపత్రములే లేవు. రేకులవలె కనబడునవియే రక్షకపత్రములు, క్రిందివి పుష్పపుచ్ఛములు. చేయి తిరిగినవానినిగూడ మోసగించు పూవు అది.

ఆ చెట్టునకు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు జోనీసియా అశోకా. మనుష్యుల పేర్లు వలదన్న జోన్స్ పేరే ఒక మొక్కకు వచ్చెను. అయినను ఆయన కోరిన దేశీయనామము పక్కనే నిలిచెను.

ఆరోగ్యము చెడి రాక్స్‌బర్గ్ 1813లో భారతదేశమును విడిచెను. 1815లో ఎడింబరోలో మరణించెను. ఆయన మహాగ్రంథము ఫ్లోరా ఇండికా అప్పటికి వ్రాతప్రతిగానే ఉండెను. శ్రీరామపురపు విలియం కేరీ దానిని 1820 నుండి అచ్చువేయించెను.

అశోకము యొక్క బంధువగు ఒక జావా చెట్టునకు స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1767లోనే సరాకా అని పేరిడియుండెను. ముందు పెట్టిన పేరే చెల్లవలెనను నియమముచే జోనీసియా తొలగిపోయెను. నేడు ఆ వృక్షము సరాకా అశోకా. ఆ పేరు తరువాత కుండలీకరణములలో రాక్స్‌బర్గ్ పేరును పొడి అక్షరములలో ముద్రింతురు.