క్రీడాకారుల వైద్యుడు గాలెన్

విద్యార్థులారా! ఆటస్థలమున మోకాలు చెక్కుకొనిపోయినను ఇంటికడ చెప్పక దాచు బాలురను మేమెరుగుదుము. చెప్పినచో ఆటలు మాన్పింతురని వారి భయము. దెబ్బ తగులునేమో యని బిడ్డలను ఆటస్థలమునకే పంపని తల్లిదండ్రులను గూడ మేమెరుగుదుము. ఈ రెండు భయములకును సమాధానము చెప్పగల వైద్యుడొకడు పూర్వము రోమను సామ్రాజ్యమున నుండెను. గాయమును మాన్పుటతో తృప్తిపడక, అది ఏల కలిగినది, కలుగకుండ ఏమి చేయవలెను అని యోచించిన ఆ మహాశయుని చరితమును మీకు తెలుపదలచితిమి.

గాలెన్ క్రీ. శ. 129వ సంవత్సరమున పెర్గమన్ నగరమున జన్మించెను. ఆ నగరము నేటి తుర్కీ దేశములో బెర్గామా అను పేర నున్నది. తండ్రి నికాన్ వాస్తుశిల్పి, గణితమున నిపుణుడు. అతడు శాంతస్వభావుడు, తల్లి ముక్కోపి. తండ్రివలె కావలెనని గాలెన్ బాల్యముననే నిశ్చయించుకొనెను. కుమారుని తత్త్వశాస్త్ర పండితుని చేయదలచిన ఆ తండ్రికి ఒక స్వప్నము వచ్చెనట. ఆ స్వప్నాదేశము ననుసరించి గాలెన్ పదునారవ యేట వైద్యవిద్య నారంభించెను. తండ్రి మరణించిన పిమ్మట స్మిర్నా, కొరింథు నగరములకును, చివరకు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకును పోయి పెక్కేండ్లు విద్య నభ్యసించెను. చదువుకొరకు సొంత ఊరు విడిచి పరప్రాంతములకు పోవుట యన నేమో మన ప్రాంతపు కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు.

157వ సంవత్సరమున, తన 28వ యేట, అతడు స్వస్థలమునకు మరలివచ్చెను. ఆ కాలమున రోమను నగరములందు ఖడ్గయోధుల పోరాటములు గొప్ప వేడుకలు. పెర్గమనులో ఆ యోధుల పోషణభారము ప్రధానార్చకునిది. వారికి వైద్యుని నియమింపవలసి వచ్చినప్పుడు గాలెన్ ఒక కోతి ప్రేగులను వెలికిదీసి, వానిని మరల లోపలనుంచి కుట్టుడని పెద్ద వైద్యులను కోరెను. వారు వెనుదీయగా తానే ఆ పని చేసి చూపెను. నేటి మనస్సులకిది క్రూరముగ తోచును, తోచుటయే న్యాయము. కాని ఆనాడు ఉద్యోగ మతనికే లభించెను.

ఆ యోధుల గాయములే అతనికి పాఠశాలయైనవి. తెగిన కండరములను కుట్టి, ద్రాక్షసారాయమున తడిపిన వస్త్రములు పుండుపై కప్పి, అవి ఆరిపోకుండ రేయింబవళ్లు కనిపెట్టుచుండెను. ఆహారమును గూడ పరిశీలించెను. యవలు, చిక్కుడుజాతి గింజలు విశేషముగ తినుటచే వారి శరీరము గట్టిపడక మెత్తగ నుబ్బుచున్నదని గమనించెను. పూర్వపు వైద్యుని కాలముకంటె ఇతని కాలమున మరణములు మిక్కిలి తగ్గినవి. కావున తరువాత వచ్చిన ప్రధానార్చకులును అతనినే కొనసాగించిరి.

162వ సంవత్సరమున గాలెన్ రోము నగరము చేరెను. తన 35వ యేట అచ్చట ఒక మల్లశాలలో సాధన చేయుచుండగా అతని భుజమునకే దెబ్బ తగిలెను. చేతియెముక కీలునుండి తొలగినదని భ్రమించి గురువు చేతిని లాగ నారంభించెను. గాలెన్ తన వ్రేళ్లతో చంకను తడవి చూచుకొని, తొలగినది చేతియెముక కాదనియు, భుజాగ్రమునుండి విడివడినది జత్రువనియు గ్రహించి, లాగుట మాన్పించెను. పిమ్మట బిగువైన కట్టు కట్టించుకొని, నలువది దినములు దాని నోర్చి, పూర్తిగ కోలుకొనెను.

ఈ ఘట్టమును చదివినప్పుడెల్ల మాకొక మిత్రుడు జ్ఞప్తికి వచ్చును. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందు దినములలో చెడుగుడు ఆడుచు అతడు పడిపోయెను. చుట్టునున్న మేమందరము, సాయము చేయుచున్నామనుకొని, అతని చేతిని పట్టి లాగితిమి. ఆ చేయి నేటికిని తలపైకి లేవదు. తెలియని సాయము దెబ్బకంటె చెడ్డది.

గాలెన్ ఆటలకు విరోధి కాడు. చిన్న బంతితో చేయు వ్యాయామమును గూర్చి అతడొక గ్రంథమునే రచించెను. గుఱ్ఱములు, వేటకుక్కలు, వలలు మున్నగు వ్యయమక్కరలేక, పేదవాడును ఆడదగినది బంతియాట యని అతని మతము. అది కన్నును, చేతిని, కాలిని, బుద్ధిని సమముగ పెంపొందించును, అపాయము స్వల్పము. మితిమీరిన పరుగువలన, గుఱ్ఱపుస్వారివలన, కుస్తీవలన శరీరము చెడిన వారిని అతడు చూచియుండెను. బిరుదులకై దేహమును పాడుచేసికొను మల్లుర నతడు తీవ్రముగ నిందించెను. ఆరోగ్యరక్షణమును గూర్చిన తన గ్రంథమున, వ్యాయామమునకు ముందు ఒడలు మర్దించి మెల్లమెల్లగ వేడెక్కించవలెననియు, ముగింపున క్రమముగ శాంతింపజేయవలెననియు విధించెను.

ఈ మార్గముననే నేటి పరిశోధకులును పోవుచున్నారు. ఫుట్‌బాల్ ఆడు నార్వే దేశపు బాలికలలో ఆటకు ముందు క్రమమైన సన్నాహ వ్యాయామము చేసినవారికి తీవ్రమైన గాయములు తగ్గినట్లు 2008లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది.

గాలెన్ పిమ్మట చక్రవర్తి మార్కస్ అరేలియస్ ఆస్థానమున వైద్యుడయ్యెను. 192లో రోమున చెలరేగిన అగ్నిప్రమాదమున అతని గ్రంథములనేకము భస్మమయ్యెను. అయినను ధైర్యము విడువక మరల వ్రాయ మొదలిడెను. అతని గ్రంథములు అరబ్బీ భాషలోనికి పరివర్తింపబడినవి. యునానీ వైద్యులు నేటికిని జాలినూస్ అను పేర అతనిని గౌరవింతురు.

అతనియందు దోషములు లేకపోలేదు. ఆత్మస్తుతి మెండు. మానవశరీరమును గాక జంతువులనే కోసి చూచుటచే పెక్కు పొరపాట్లు వ్రాసెను. వానిలో అనేకమును 1543లో వెసేలియస్ అను శాస్త్రజ్ఞుడు సవరించెను. మహనీయుని మాటనైనను పరీక్షింపక నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

బాలబాలికలారా! ఆడుడు. ఆటకు ముందు ఒడలు సడలించుకొనుడు. దెబ్బ తగిలినచో దాచక చెప్పుడు. తొలగిన కీలును తెలియనివారిచే లాగనీయకుడు. తల్లిదండ్రులారా! దెబ్బ తిని వచ్చిన బిడ్డను కోపించుటకు ముందు ఎచ్చట నొచ్చినదని అడుగుడు. అడుగు తల్లిదండ్రులున్నచో దాచు బిడ్డ లుండరు.