మహారాజా కిషన్ ప్రసాదు

హైదరాబాదు పాతనగరమందలి శాలిబండలో నివసించిన మహారాజా కిషన్ ప్రసాదు 1864లో జన్మించిరి. వీరిది చందూలాలు నాటినుండియు పేష్కారు పదవి నిర్వహించిన వంశము. 1901లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను వీరిని ప్రధానిగా నియమించిరి. 1908 నాటి మూసీ వరద వీరి కాలముననే వచ్చినది. 1912లో పదవి వీడి, 1926లో మరల స్వీకరించి, 1937 వరకు నడపిరి.

పదవి వచ్చినను, పోయినను ఇంటి ధర్మము మారలేదు. హిందూ భార్యల సంతానము హిందువులుగను, ముస్లిము భార్యల సంతానము ముస్లిములుగను పెరిగిరి. ఉభయుల పండుగలును ఆయనకు తన పండుగలే. ‘షాద్’ అను నామముతో ఉర్దూ, పారసీ కవితలు రచించిరి. షాద్ అనగా సంతోషి. 1940లో కీర్తిశేషులైరి. ప్రధాని పదవికంటె కఠినమైన ఆ గృహస్థధర్మమే వారి నిజమైన విజయము.