అట్ట దాచుకున్న హాస్టల్ విద్యార్థి

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదులో మా అన్న దగ్గరికి పోయాను. అన్న అశోక్‌నగర్‌లో నలుగురితో కలిసి రూము తీసుకొని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పొద్దున లేస్తే చిక్కడపల్లి లైబ్రరీయే. ఒక సాయంత్రం ఇద్దరం నారాయణగూడ దాకా నడిచాం. అక్కడి క్రైస్తవ శ్మశానం చూపించి, భక్తసింగ్ గారి సమాధి ఇందులోనే ఉందని చెప్పాడు. ఆయన మీద ఒక చిన్న పుస్తకం కూడా తెచ్చి ఇచ్చాడు. అది చదివే ఇది రాస్తున్నాను. ఆయన కూడా మనలాగే హాస్టల్‌లో పెరిగిన మనిషి.

భక్తసింగ్ 1903 జూన్ 6న పంజాబులోని జోయియా గ్రామంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. వాళ్ళది సిక్కు కుటుంబం. ఏడేళ్ళు క్రైస్తవ మిషన్ స్కూలు హాస్టల్లో ఉండి చదివారు గానీ క్రైస్తవులంటే అస్సలు గిట్టేది కాదు. ఇంటర్ ప్యాసైనప్పుడు ఆయనకు ఒక బైబిల్ ఇచ్చారు. దాన్ని చించి పారేశారు. తోలు అట్ట మాత్రం అందంగా ఉందని దాచుకున్నారు! ఇది చదివి మొదట నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఎందుకో చివర్న చెప్తాను.

1926లో ఇంజనీరింగ్ చదవడానికి లండన్ వెళ్ళారు. మతం మారనని తల్లికి మాటిచ్చి మరీ ఓడ ఎక్కారు. అక్కడ జుట్టు, గడ్డం తీసేశారు, సిగరెట్లు అలవాటయ్యాయి. దేవుడే లేడనే దాకా వచ్చారు. 1928లో కెనడా పోతుంటే ఓడలో ప్రార్థన జరిగింది. ఊరికే చూద్దామని వెళ్ళారు. అందరూ మోకాళ్ళ మీద వంగారు. లేచి పోదామంటే మర్యాద కాదు. మసీదుకు పోతే చెప్పులు విప్పాను, గుడికి పోతే మర్యాద చూపాను, ఇక్కడెందుకు వంగకూడదు అనుకొని తానూ వంగారు. ఆయన మనసులో మార్పు అక్కడే మొదలైందట.

మరుసటి ఏడాది డిసెంబరులో విన్నిపెగ్ నగరంలో ఒక స్నేహితుణ్ణి బైబిల్ అడిగారు. ఒకప్పుడు బైబిల్ చించానని కూడా ఆయనకు చెప్పేశారు. ఎవరూ అడగలేదు, సాక్షులూ లేరు, అయినా చెప్పారు. నాకు అన్నిటికన్నా ఇదే గొప్పగా అనిపించింది. స్నేహితుడిచ్చిన చిన్న కొత్త నిబంధనలో యోహాను సువార్త మూడో అధ్యాయం, తిరిగి పుట్టడం గురించిన చోటు, చదువుతుంటే తన పాపాలన్నీ గుర్తొచ్చి ఏడ్చారు. క్రైస్తవులు దీన్నే మారుమనస్సు అంటారు. 1932లో వాంకోవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు.

1933లో ఓడ దిగేసరికి అమ్మానాన్నలు బొంబాయి వచ్చి ఉన్నారు. ఈ సంగతి రహస్యంగా ఉంచు, కుటుంబం పరువు పోతుంది అని నాన్న బతిమాలాడు. దాచడం నావల్ల కాదన్నారు ఈయన. వాళ్ళు వదిలేసి వెళ్ళిపోయారు. తల్లికిచ్చిన మాట ఏమైంది అని నాకు బాధేసింది. ఆ తల్లి ఎట్లా తిరిగి వెళ్ళిందో! కొన్నాళ్ళకు తండ్రి కూడా క్రీస్తును నమ్మారట.

బొంబాయి వీధుల్లో మొదలుపెట్టి దేశమంతా తిరిగి బోధించారు. 1941లో మద్రాసులో, 1950లో హైదరాబాదులో సంఘాలు పెట్టారు. ఇక్కడిది హెబ్రోను. అది గోల్కొండ చౌరస్తాలో ఉంది. కోట దగ్గర కాదు, ముషీరాబాద్ పక్కన. మేం తెలియక కోట బస్సు ఎక్కబోయాం! అక్కడ చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చొని ప్రార్థిస్తారు. తర్వాత అందరూ కలిసి భోంచేస్తారు, మన మెస్సులో పంక్తిలాగే. మనసు మారింది గానీ ఆయన పేరు మార్చుకోలేదు. చివరి ఏళ్ళలో పార్కిన్సన్ జబ్బుతో మంచం పట్టారు. 2000 సెప్టెంబరు 17న హెబ్రోనులోనే కన్నుమూశారు. వేల మంది వెంట నడిచి వచ్చి నారాయణగూడలో సమాధి చేశారు.

ఇక చివర్న చెప్తానన్న సంగతి. పోయినేడు లైబ్రరీ పుస్తకంలో పులి బొమ్మ చింపింది ఏడో తరగతి వాళ్ళు కాదు, నేను. వాళ్ళను తిడుతుంటే పక్కనే నిలబడి ఊరుకున్నాను. బొమ్మ నా ట్రంకు పెట్టె మూతకి లోపల అంటించి ఉంది. జాగ్రత్తగా ఊడదీసి, ఈ పత్రిక గోడకెక్కే రోజే వార్డెన్ సారుకి ఇచ్చేస్తాను.