వయసుకు అంత ధరెందుకు? విలియం గ్రాంట్ బట్టీ కథ

విలియం గ్రాంట్ అంటె మన తాన చానామందికి తెల్వదు. గ్లెన్‌ఫిడిక్ అంటె మాత్రం దావతులల్ల కూసునేటోళ్లకు సప్పున యాదికొస్తది. మూడు మూలల సీస, దాని మీద దుప్పి బొమ్మ. ఆ బట్టీ పెట్టినాయనే గ్రాంట్. సచ్చిపోయి వందేండ్లు దాటింది. ఆయన ముచ్చట ఇప్పుడెందుకంటె, పండుగలొచ్చినా, పెండ్లిళ్లయినా నన్ను నలుగురైదుగురు ఒకటే అడుగుతరు. పన్నెండేండ్ల స్కాచ్ కొనాల్నా, పద్దెనిమిదేండ్లదా, పైసలుంటె ముప్పయ్యేండ్లదా అని. దుబాయ్‌ల పనిజేసే మా మేనల్లుడు సుత మొన్న వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టు దుకాణంల నిలవడి ఫోన్ జేసి గదే అడిగిండు. వాడు సూపెట్టిన ముప్పయ్యేండ్ల సీస ధర వాని రెండు నెలల జీతం కంటె ఎక్కువుంది. పెండ్లిల ఇజ్జత్ దక్కాలంటె అదే తేవాల్నేమో అని వాని రంది.

తాగుమని నేను ఎవలికీ చెప్తలేను. తాగనోళ్లు తాగకుంటనే ఉండాలె. కొనేటోళ్లు మాత్రం దేనికి పైసలు కడుతున్నరో ఎరుకతోని కట్టాలె. అది తెల్వాలంటె గ్రాంట్ బతుకును మించిన పాఠం నాకు దొరకలే.

ఆయన 1839 డిసెంబర్‌ల స్కాట్లాండ్ ఉత్తర దిక్కున డఫ్‌టౌన్‌ల పుట్టిండు. తండ్రి దర్జీ. నెపోలియన్ మీద యుద్ధాలల్ల కొట్లాడొచ్చిన పాత సిపాయి. పిల్లగాడు చిన్నప్పుడే పశువుల కాడికి పోయిండు. తర్వాత చెప్పులు కుట్టుడు నేర్సిండు. ఇంకొన్నొద్దులకు సున్నం బట్టీల లెక్కలు రాసిండు. 1866ల ఊర్లెనే ఉన్న మోర్ట్‌లాక్ డిస్టిలరీల గుమాస్తాగ చేరి, మెల్లగ మేనేజర్ అయిండు. అక్కడ ఇరవై ఏండ్లు చేసిండు. బార్లీ ఎట్ల నానబెడ్తరు, మొలకను ఎప్పుడు ఆపుతరు, రాగి కాగులల్ల ఎంత మంట పెడ్తరు, ఏ పీపాల పోసింది ఎట్ల మారుతది, అన్నీ కండ్లతోని సూసిండు. పని మొత్తం తెల్సుగని బట్టీ మాత్రం పరాయోళ్లది.

భార్య ఎలిజబెత్ డంకన్. పిల్లలు తొమ్మిదిమంది, ఏడుగురు కొడుకులు, ఇద్దరు బిడ్డలు. అంతమందిని సాదుకుంట, గుమాస్తా జీతంల నుంచి పైస పైస ఎనకేసిండు. ఇరవై ఏండ్లంటె మామూలు ముచ్చట గాదు. మన తాన సింగరేణిలనో, బీడీ కార్ఖాన్లనో నెల జీతం మీద ఇల్లు నడిపినోళ్లకు ఆ లెక్క ఎట్లుంటదో బాగ తెల్సు.

1886ల ఆయనకు మోక అందింది. కార్డూ అనే బట్టీని ఎలిజబెత్ కమింగ్ అనే ఆమె నడుపుతుండె. ఆమె కొత్త బట్టీ కట్టుకుంట పాత సామాను అమ్మకానికి పెట్టింది. రాగి కాగులు, నీళ్ల చక్రం, మర సుత అండ్లనే. గ్రాంట్ మొత్తం కొన్నడు. ఇచ్చింది 119 పౌండ్ల 19 షిల్లింగుల 10 పెన్నీలు. రెండు పెన్నీలు తక్కువ 120 పౌండ్లన్నట్టు. ఆ రెండు పెన్నీలు బేరంల తగ్గించిన్రా, లెక్కలనే అట్లొచ్చిందా అని నేను ఒక్కోసారి నవ్వుకుంట. ఇయ్యాల అద్దాల డబ్బాలల్ల పెట్టి అమ్మే పేరు ఇట్ల పాతసామానుతోని మొదలైందంటె నమ్మబుద్ధి గాదు.

కట్టుడు సుత గంతే. ఒక్క మేస్త్రీని పెట్టుకున్నడు. మిగిలిన పని ఇంటోళ్లే చేసిన్రు. ఫిడిక్ వాగుల నుంచి రాళ్లు మోసిన్రు, గోడలు లేపిన్రు. ఏడాది పట్టింది. 1887 క్రిస్మస్ నాడు ఆ పాత కాగులకెల్లి మొదటి ధార దిగింది. కొడుకులు ఒక దిక్కు బట్టీల పనిజేస్కుంట ఇంకో దిక్కు సదువుకున్నరు. కూలోళ్లను పెట్టే తాహతు లేనప్పుడు ఇంటోళ్లే కూలోళ్లయితరు గద.

ఆ ధార ఎవలు కొన్నరనేది అసలు ముచ్చట. సింగిల్ మాల్ట్ అని సీసల పోసి, మీద వయసేసి అమ్ముడు అప్పుడు పెద్దగ లేనేలేదు. మాల్ట్ బట్టీలోళ్లు తమ సరుకును పీపాల లెక్కన కలిపేటోళ్లకు, అంటె బ్లెండ్ వ్యాపారులకు అమ్ముకునేటోళ్లు. వాళ్లు దాన్ని మక్కలు, గోధుమల లాంటి గింజల నుంచి తీసిన అగ్గువ విస్కీతోని కలిపి తమ పేరు మీద అమ్మేటోళ్లు. గ్రాంట్ సరుకు సుత అట్లనే పోయింది. మన ముందు ఇయ్యాల మహారాజు లెక్క కూసున్న సింగిల్ మాల్ట్, అప్పుడు కూరల ఏసే మసాల అసొంటిది.

ధంద మంచిగ నడిచింది. 1892ల పక్కనే బాల్వెనీ అనే రెండో బట్టీ మొదలుపెట్టిండు. దానికి సుత కాగులు పాతయే తెచ్చిండు. మనిషి గుణం మారలే.

1898ల పిడుగు పడ్డది. లీత్ పట్నంల పాటిసన్ అన్నదమ్ములు అప్పట్ల పెద్ద బ్లెండ్ వ్యాపారులు. ప్రచారం అంటె వాళ్లదే. తమ విస్కీ పేరు పలికేటట్టు రామచిలుకలకు మాటలు నేర్పి దుకాణాలకు పంచిన్రు. బ్యాంకుల అప్పు మీద అప్పు తెచ్చిన్రు, లెక్కలు తారుమారు చేసిన్రు. అగ్గువ విస్కీల కొంచెం మంచి మాల్ట్ కలిపి, అంతా గొప్ప గ్లెన్‌లివెట్ సరుకే అని పిరం ధరకు అమ్మిన్రు. కంపెనీ కూలింది. అన్నదమ్ములు 1901ల జైలుకు పోయిన్రు. వాళ్లతోని పాటు ఎన్నో చిన్న కంపెనీలు మునిగినయి. లేబుల్ మీది పేరును సూసి పైసలు కట్టినోళ్లు ఏం తాగిన్రో చివరికి కోర్టుల తేలింది.

పాటిసన్ కంపెనీకి గ్రాంట్ సుత సరుకు పోసేటోడు. పెద్ద గిరాకి ఒక్కసారే పోయింది. అరవై ఏండ్లకు దగ్గర పడ్డ మనిషి. బట్టీ అమ్ముకోని ఇంట్ల కూసుండొచ్చు. ఆయన అట్ల చెయ్యలే. కలిపేటోళ్ల మీద ఆధారపడితె మళ్ల ఇదే గతి అనుకున్నడు. తానే సొంత బ్లెండ్ తయారు చేసిండు. అల్లుడు చార్లెస్ గోర్డన్ బడిపంతులు. ఆ కొలువు ఇడిపించి గ్లాస్గోల దుకాణాల పొంట అమ్మకానికి తిప్పిండు. కొత్త సరుకును ఎవలు కొంటరు? తిరిగి తిరిగి చెప్పులు అరిగినంకనే గిరాకి దొరికింది. 1909ల అదే అల్లుడు ఆస్ట్రేలియా, తూర్పు దేశాల దాక పోయొచ్చిండు. 1914 నాటికి ముప్పై దేశాలకు సరుకు పోతుండె. ఇందంతట్ల వయసు పేరు మీద అమ్మింది ఏం లేదు. నమ్మకం మీద అమ్మిండు.

వయసు అనేది చట్టంలకు వచ్చింది 1915ల. యుద్ధం నడుస్తుండె, ఆయుధాల కార్ఖాన్లల్ల తాగుడు ఎక్కువైందని సర్కారు భయపడ్డది. పీపాల కనీసం రెండేండ్లు ఉండంది అమ్మొద్దని చట్టం తెచ్చిన్రు, ఏడాదికి దాన్ని మూడేండ్లు చేసిన్రు. ఇయ్యాల్టికీ స్కాచ్‌కు అదే కనీస వయసు. రుచి పెంచాలని తెచ్చిన చట్టం గాదది, తాగుడు తగ్గియ్యాలని తెచ్చింది. గని మేలైంది. పచ్చి సరుకుల ఉండే మంట పీపాలనే సల్లారుతది.

పీపాల ఏమైతదో కొంచెం చెప్పాలె. ఓక్ కట్టె మూడు పనులు చేస్తది. సరుకుల ఉన్న పచ్చి వాసనను గుంజుకుంటది, తన రుచిని, రంగును ఇస్తది, గాలిని మెల్లగ లోపలికి ఇడుస్తది. కట్టె ఇచ్చేదాంట్ల చానా మటుకు మొదటి పది పన్నెండేండ్లల్లనే ఇస్తది. ఒకసారి, రెండుసార్లు వాడిన పీపాల ముప్పయ్యేండ్లు ఉంచినా అంత రుచి రాకపోవచ్చు. కొత్త పీపాల అంతకాలం ఉంచితె కట్టె చేదు తప్ప ఇంకోటి మిగలదు. సీస మీది అంకె ఏండ్లనే చెప్తది, పీపా మంచిదా కాదా అనేది చెప్పదు. సీసల పోసినంక వయసు ఆగిపోతది. పన్నెండేండ్ల సీసను బీరువల పదేండ్లు దాస్తె అది ఇరవై రెండేండ్లది కాదు. మన ఇండ్లల్ల పాత బియ్యానికి ధర ఎక్కువ, అన్నం పొడిపొడిగ అయితది. అట్లని పదేండ్ల బియ్యం ఎవలన్న తింటరా? ముక్క పురుగులే మిగుల్తయి.

ఇంకోటి, ఆవిరైపోవుడు. స్కాట్లాండ్ సలికి ఏడాదికి వందకు రెండు పాళ్లు పీపాలకెల్లి గాలిల కలుస్తది. దాన్ని వాళ్లు దేవదూతల వాటా అంటరు. వంద లీటర్లు పోస్తె పన్నెండేండ్లకు 78, ముప్పయ్యేండ్లకు 55 దాక మిగుల్తయి. ఆవిరైన లెక్కన ముప్పయ్యేండ్లది పన్నెండేండ్లదానికి ఒకటిన్నర రెట్లు కూడ కావొద్దు. మిగిలిన పద్దెనిమిదేండ్లకు పెట్టుబడి మీద ఏడాదికి వందకు ఐదు మిత్తి కట్టినా మొత్తం అటూ ఇటూ మూడున్నర రెట్లు అయితది. దుకాణంల మాత్రం పదిరెట్లు దాటి అడుగుతరు. మూడున్నర పోను మిగిలింది మన మోజుకు కట్టే పైస. గుమాస్తాగ ఇరవై ఏండ్లు లెక్కలు రాసిన గ్రాంట్‌కు ఈ చిట్టా సూపెడితె ఏమనుకునేటోడో!

ఆయన 1923ల 83 ఏండ్ల వయసుల కన్నుమూసిండు. ఆయన మునిమనుమల కాలంల, 1963ల గ్లెన్‌ఫిడిక్‌ను సింగిల్ మాల్ట్‌గ స్కాట్లాండ్ బయట అమ్ముడు షురూ చేసిన్రు. అప్పుడు గిరాకి ఉంటదని పక్క కంపెనీలోళ్లే నమ్మలే. అది నడిచింది. గని 1980లు వచ్చేసరికి విస్కీ ఎక్కువై కొనేటోళ్లు తక్కువైన్రు. 1983ల ఒక్క డిస్టిలర్స్ కంపెనీయే పదకొండు మాల్ట్ బట్టీలను మూసేసింది. పోర్ట్ ఎలెన్, బ్రోరా అండ్లయే. పనోళ్లు ఇండ్లకు పోయిన్రు, పీపాలు గోదాములల్ల మిగిలినయి. ఎవలూ కొనక అట్ల మిగిలిన సరుకే ఇయ్యాల అరుదైందని లక్షలకు పోతున్నది. చాన పాత సీసల ఎనుక అమ్ముడుపోని కాలం కథ ఉంటదని నేను అందుకే అంట.

వయసు లెక్క అన్నితాన్ల ఒకటే గాదనే దానికి మన దగ్గరనే సాక్ష్యం ఉంది. బెంగళూరుల అమృత్ వాళ్లు సింగిల్ మాల్ట్ చేస్తరు. అక్కడి ఎండకు ఏడాదికి వందకు పది పన్నెండు పాళ్లు ఆవిరైపోతది. నాలుగైదేండ్లకే పీపా పని అయిపోతది. ఆ సరుకును 2004ల గ్లాస్గోలనే మొదలు అమ్మిన్రు, అక్కడోళ్లు మెచ్చిన్రు. సీస మీద ముప్పై అనే అంకె దానికి రానే రాదు, వస్తె పీపాల ఏం మిగలదు.

ఇగ మా మేనల్లునికి నేను చెప్పింది చెప్త. పన్నెండేండ్లది, పదిహేనేండ్లది తెచ్చుకుంటె ఇచ్చిన పైసకు నిండుగ రుచి దొరుకుతది. పద్దెనిమిదేండ్లది మెత్తగుంటది, బతుకుల ఒక పెద్ద సందర్భానికి కొన్నా తప్పులేదు. ఇరవై ఐదు దాటినంక పైస రుచికి పోదు, పక్కోని కండ్లకు పోతది. బ్రిటన్‌తోని 2025ల అయిన ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద 150 శాతం ఉన్న సుంకం 75కు, పదేండ్లల్ల 40కి దిగుతది. అప్పుడు పాత సీసలు ఇంకా ఎక్కువ అద్దాలల్ల మెరుస్తయి. ఆ మెరుపుకు అప్పు జేసి ఇజ్జత్ కొనుక్కునేటోళ్లే నాకు భయం. వాడు పదిహేనేండ్లది తెచ్చిండు. మిగిలిన పైసలు చెల్లె పెండ్లి ఖర్చుకు ఇచ్చిండు.

గ్రాంట్ ఇంటి ముచ్చట ఇంకొకటుంది. ఆయన మనుమరాలు జానెట్ షీడ్ రాబర్ట్స్ 1901ల పుట్టి 110 ఏండ్లు బతికింది. ఆమె 110వ పుట్టినరోజు పేరు మీద 1955ల తీసిన విస్కీని 55 ఏండ్ల వయసుల సీసలల్ల పోసిన్రు. పదేండ్లకొకటి లెక్కన పదకొండే సీసలు. 2011 డిసెంబర్‌ల ఎడిన్‌బరో వేలంల అండ్ల ఒకటి 46,850 పౌండ్లకు పోయింది. తాత పాత కాగులు, చక్రం, మర అన్నీ కలిపి పెట్టిన పైసకు అది 390 రెట్లు. నూటిరవై ఏండ్లల్ల పెరిగిన ధరల లెక్క తీసినా బట్టీ సామాను కంటె ఒక్క సీసనే పిరం. వేలంల వచ్చిన పైసలను పేద దేశాల ఊర్లకు తాగునీళ్లు అందించే వాటర్‌ఎయిడ్ సంస్థకు ఇచ్చిన్రు.